మెట్లెక్కింది తమ్ముడు, బహుమతి బావకి

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్లయి బెంగళూరు వచ్చి ఎనిమిదేళ్లు. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మహదేవపుర దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. అమ్మ ఊళ్లోనే ఉంటుంది, ఉపాధి పనికి వెళ్తుంది. డిగ్రీ మధ్యలో ఆపేసిన తమ్ముడు ఏడాదిన్నరగా మా దగ్గరే ఉండి ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు.

మొన్న ఆగస్టులో మావారి ఆఫీసులో నడక పోటీ పెట్టారు. నెల రోజుల్లో ఎవరి వాచీలో ఎక్కువ అడుగులు పడితే వాళ్లకి గిఫ్ట్ వోచర్. మొదటి పది రోజులు ఆయన పార్కులో తిరిగారు. తర్వాత ప్రాజెక్ట్ రిలీజ్ వచ్చి వీలుకాలేదు. ఒకరోజు నవ్వుతూ "ఒరేయ్, నువ్వెలాగూ ఊరంతా తిరుగుతావు, ఇది కట్టుకుని పోరా" అని వాచీ తమ్ముడి చేతికి పెట్టారు. వాడూ సరదా పడ్డాడు. పద్దెనిమిది రోజులు వాడే కట్టుకున్నాడు, నిద్రలో కూడా తీయలేదు. కొన్ని రోజులు ఇరవై రెండు వేల అడుగులు పడ్డాయి. మావారికి రెండో బహుమతి వచ్చింది, ఎనిమిది వేల రూపాయల వోచర్. ఆయన షూస్ కొనుక్కున్నారు.

తర్వాత వాచీలో ఆ రోజుల నిద్ర లెక్కలు చూసి, రాత్రి భోజనాల దగ్గర "సగటున నాలుగున్నర గంటల నిద్ర. స్లీప్ స్కోర్ 51. నీకు డిసిప్లిన్ లేదురా, ఇలాగైతే నలభైకే బీపీ వస్తుంది" అన్నారు. వాడు సగం అన్నంలో చేయి కడుక్కుని లేచాడు. నాలుగు రోజులకి మారతహళ్లిలో స్నేహితుల రూముకి మారిపోయాడు. రెండు నెలలైంది, ఇంటికి రావడం లేదు. మావారు "జోక్ చేశాను, దానికింత సీనా?" అంటారు. తమ్ముడికీ ఈగో ఎక్కువే. వాడి ఫోన్ లొకేషన్ నా ఫోన్‌లో కనిపిస్తుంది, రాత్రి రూముకి చేరాడని చూశాకే పడుకుంటున్నాను. వాడిని ఎలా పిలవాలి? ఇంకోటి, మా ఫ్యామిలీ ఇన్సూరెన్స్‌లో అడుగులు చూపిస్తే రెన్యువల్‌లో తగ్గింపు ఉందట, నాకూ వాచీ కొంటానంటున్నారు. తీసుకోమంటారా?

— సి., బెంగళూరు

సమాధానం:

సి. గారూ, నిజం చెప్పాలంటే మీ ఉత్తరం చదవగానే ముందు నవ్వొచ్చింది. ఆ ఇరవై రెండు వేలలో కొన్ని మీ తమ్ముడు వేసినవి కూడా కావు, బైకు మీద పోతుంటే మన బెంగళూరు గుంతలు వేయించినవి. చేయి అదిరితే అడుగనుకునే వాచీలు చాలానే ఉన్నాయి. వైట్‌ఫీల్డ్ రోడ్డుకి కూడా ఆ బహుమతిలో కొంత వాటా రావాలి.

అన్నం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. కంచం ముందు కూర్చున్న మనిషిని ఎంత తప్పు చేసినా ఆ పూటకి ఏమీ అనకూడదని మన ఇళ్లలో ఒక పద్ధతి. మీవారు కోపంగా అనలేదు, అది నేను నమ్ముతాను. ఫోన్ చూసి అంకె చదివారు, అంతే. ఆ అంకె కూడా తప్పయ్యుండదు. కానీ రాత్రి భోజనాల ఆర్డర్లు ముగించుకుని, ఇంకో మూడు చేస్తే ఇన్సెంటివ్ దాటుతుందని ఆగి, ఒంటిగంటకి ఇంటికొచ్చిన కుర్రాడు ఎన్ని గంటలు పడుకుంటాడు? ఏడింటికి మీ ఇంట్లో మిక్సీ మొదలవుతుంది, పిల్లలుంటే స్కూలు హడావిడి. వాడి నిద్ర పొడవు నిర్ణయించేది వాడి డిసిప్లిన్ కంటే ఆ రోజు పడిన ఆర్డర్లు. మీవారు బద్ధకాన్ని చూపించే అంకె అనుకుని చదివింది నిజానికి మీ తమ్ముడి జీతం చీటీ.

మీ తమ్ముడికి లెక్కలు కొత్తా? వాచీ రాక ముందు నుంచే వాడి ఫోన్ వాణ్ణి కొలుస్తోంది. ఎన్ని గంటలు లాగిన్‌లో ఉన్నాడు, ఎన్ని ఆర్డర్లు వద్దన్నాడు, హోటల్ దగ్గర ఎంతసేపు, గేటు దగ్గర ఎంతసేపు, కస్టమర్ ఎన్ని స్టార్లు ఇచ్చాడు. ఈ లెక్కలు బాగోకపోతే ఆర్డర్లు పడటం తగ్గుతుంది, మరీ పాడైతే ఐడీ బ్లాక్. ఇంత కొలిచే ఫోన్ మెట్లని మాత్రం కొలవదు. మీలాంటి ఎన్నో అపార్ట్‌మెంట్లలో డెలివరీ కుర్రాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కకూడదని రాసి పెడతారు. సర్వీస్ లిఫ్ట్‌లో సామాన్లు దిగుతుంటాయి. టైమ్ అయిపోతోందని వాడు మెట్లెక్కుతాడు. ఆరో అంతస్తుకి అలా ఎక్కి దిగితే ఫోన్‌లో ఒక్క రూపాయి పెరగదు. అదే మెట్లు బావ వాచీలో పడితే ఎనిమిది వేల వోచర్ అయింది. వాడు చేయి కడుక్కుని లేచినప్పుడు ఇదంతా లెక్కేశాడని నేననను. కానీ కొత్త షూస్ గుమ్మం దగ్గర చూసి ఉంటాడు కదా.

దీన్ని ఈగో అని తీసేయకండి. ఒకే ఇంట్లో, ఒకే వాచీ ఇద్దరి చేతుల మీదికీ వెళ్లింది. మీవారి చేతి మీద అది ఆరోగ్యం, మీ తమ్ముడి చేతి మీద కూలి, పైగా ఆ కూలి కూడా ఇంకొకరి ఖాతాలో పడింది. ఇప్పుడు పట్నాల్లో పెద్దోళ్లు, చిన్నోళ్లు అన్న తేడా ఇలా కూడా పుడుతోంది. ఎవరి దగ్గర వాచీ ఉంది, ఎవరి దగ్గర లేదు అన్నది పెద్ద విషయం కాదు. పదిహేను వందలకీ వాచీ దొరుకుతోంది. తన లెక్క తను చూసుకుని, నచ్చకపోతే తీసి డ్రాయర్‌లో పడేయగలిగేవాడు ఒక వైపు. ఆ లెక్కని పని ఇచ్చినవాడు చూస్తుంటే, తీస్తే ఆ రోజు కూలి పోయేవాడు ఇంకో వైపు.

ఈ సొంత లెక్కల సరదా మొదలుపెట్టింది కాలిఫోర్నియాలో గేరీ వోల్ఫ్, కెవిన్ కెల్లీ అనే ఇద్దరు. 2007లో 'క్వాంటిఫైడ్ సెల్ఫ్' అని పేరు పెట్టారు. అంకెల ద్వారా ఆత్మజ్ఞానం అన్నది వాళ్ల నినాదం. (మన వేదాంతులు వింటే ఏమనేవారో!) తీరిక, జీతం, బోలెడంత కుతూహలం ఉన్నవాళ్లు మొదలుపెట్టిన ఆట అది. ఇక్కడ మన దేశంలో నాగపూర్, చండీగఢ్, పంచ్‌కులా మున్సిపాలిటీలు అలాంటి వాచీలనే జీపీఎస్‌తో పారిశుద్ధ్య కార్మికుల చేతులకి కట్టించాయి. వాళ్లు ఏ వీధిలో ఉన్నారో ఆఫీసులో స్క్రీన్ మీద కనిపించేది. తమకిచ్చిన హద్దు దాటితే జీతం కోస్తారని, బాత్రూముకి వెళ్లాలన్నా భయమని ఆ కార్మికులు గొడవ చేశారు. వాళ్లని ఎవరూ నీ స్లీప్ స్కోర్ ఎంత అని అడగలేదు.

మన బెంగళూరులో తెల్లవారుజామున వీధులూడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగువాళ్లే, తాతల కాలంలో మన జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకీ బయోమెట్రిక్ హాజరుంది. అదే వీధిలో అదే టైముకి చేతికి వాచీ కట్టుకుని జాగింగ్‌కి వెళ్లే తెలుగువాళ్లూ ఉంటారు. పక్కపక్కనే ఇద్దరి కదలికా ఎక్కడో నమోదవుతుంది. ఒకరికి శభాష్ అని మెసేజ్ వస్తుంది, ఇంకొకరికి ఆబ్సెంట్ పడుతుంది.

మీ అమ్మగారిని కూడా ఒకసారి అడిగి చూడండి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకి రెండు ఫొటోలు తీసి యాప్‌లో పెడితేనే హాజరన్నారు. చెరువు కట్ట దగ్గర సిగ్నల్ లేకపోతే మట్టి మోసిన మనిషి మోయనట్టే. అంటే మీ ఇంట్లోనే మూడు రకాల లెక్కలున్నాయి: అల్లుడి వాచీ, కొడుకు ఫోన్, తల్లి ఫొటో. మొదటిది కట్టుకున్నాయన రెండోదాంట్లో ఉన్నవాడికి డిసిప్లిన్ గురించి చెప్పారు. (ఇదేం కొత్త జబ్బు కాదు లెండి. ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో కోలారు బంగారు గనుల కార్మికులు 1930లోనే వేలిముద్రలు తీసుకోవడం మీద సమ్మె చేశారు.)

మీవారిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. నేను అంతకంటే పెద్ద పనే చేశాను. బన్నేరుఘట్ట రోడ్డులో మా అపార్ట్‌మెంట్‌కి ఒక గేట్ యాప్ ఉంది. పనివాళ్లు లోపలికొస్తే మన ఫోన్ మోగుతుంది, నెలాఖరుకి ఎన్ని రోజులు వచ్చారో లెక్క చూపిస్తుంది, రేటింగ్ కూడా ఇవ్వమంటుంది. మా వంటావిడది పావగడ వైపు. వంట బాగానే చేస్తుంది. 'బాగానే' అంటే మూడు కదా అని నేను మూడు స్టార్లు నొక్కి ఊరుకున్నాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి, ఐదుకి ఐదు ఎవరికీ వేయకూడదన్న అలవాటొకటి. నెల తర్వాత ఆవిడ చపాతీ పిండి కలుపుతూ, తల తిప్పకుండా, "ఏమ్మా, నాకు మూడే ఏసినారంటనే?" అంది. నాలుగో అంతస్తులో కొత్తగా వచ్చినవాళ్లు ఆ మూడు చూసి వేరే ఆవిడని పెట్టుకున్నారట. నెలకి నాలుగు వేల పని. నేను గబగబా ఐదు చేశాను కానీ అప్పటికే ఆ ఇల్లు పోయింది. ఆవిడ నాకు ఎన్ని స్టార్లు వేస్తుందో చెప్పే బటన్ ఆ యాప్‌లో ఎక్కడా లేదు, నేను వెతికాను.

కాబట్టి మీవారితో మాట్లాడేటప్పుడు నీతులు వద్దు. ఆయన్ని ఒక్కటి అడగండి. ఆఫీసు చాట్‌లో ఆయన పేరు పక్కన, సీట్లో ఉన్నారని చూపించే పచ్చచుక్క ఉంటుంది కదా. టీ తాగడానికి లేచినప్పుడు అది పసుపు రంగుకి మారుతుందేమోనని మౌస్ కదిలించి వచ్చిన రోజులు ఆయనకీ ఉండే ఉంటాయి. ఆ చుక్క పసుపైన ప్రతి నిమిషానికీ జీతం కోసి, ఆ లెక్క తెచ్చి మామగారు భోజనాల దగ్గర చదివితే ఎలా ఉంటుంది? అర్థమవుతుంది ఆయనకి. పెద్ద మనిషే, వాచీ మైకంలో ఉన్నారు.

ఆ మైకం గురించి ఒక మాట. పది వేల అడుగులు అన్నది ఏ వైద్యుడూ రాసిచ్చిన చీటీ కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న మీటరు అమ్మింది. దాని పేరు 'మాంపో-కే', అంటే పది వేల అడుగుల మీటరు. వ్యాపారం కోసం పెట్టిన పేరు ప్రపంచమంతా ఆరోగ్య సూత్రమైపోయింది. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో, మరీ తక్కువ నడిచినవాళ్లతో పోలిస్తే రోజుకి 4,400 అడుగులు వేసినవాళ్లలో కూడా మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా లాభమేమీ కనిపించలేదు. మీవారు పోటీ లేకుండా రోజూ అరగంట నడిచినా చాలు. అన్నట్టు, ఆ పోటీలో వాళ్ల ఆఫీసు హౌస్‌కీపింగ్ వాళ్లకి ప్రవేశం ఉందేమో ఆయన్ని అడగండి. రోజంతా ఆ అంతస్తుల్లో నడిచేది వాళ్లే. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు కాబట్టి ఉండదనే నా అనుమానం. ఉంటే మొదటి పది స్థానాలూ వాళ్లవే.

ఇన్సూరెన్స్ విషయం కాస్త జాగ్రత్తగా వినండి. నడిచేవాళ్లకి తగ్గింపులు, పాయింట్లు ఇచ్చే పాలసీలు మన దేశంలో ఉన్నాయి, చట్టప్రకారమే ఇస్తున్నారు. అమెరికాలో జాన్ హాన్‌కాక్ అనే కంపెనీ 2018లో తన జీవిత బీమా పాలసీలన్నిటికీ ఈ నడక లెక్కలు జోడిస్తానంది. ఇక్కడ ఇంకా ఇష్టమైతేనే. తీసుకుంటే తప్పు లేదు. కానీ ఆ పద్దెనిమిది రోజుల అడుగులు పాలసీ ఖాతాలోకి కూడా వెళ్లాయా అన్నది ముందు చూడండి. వెళ్లుంటే అది జోక్ కాదు, తప్పుడు లెక్క చూపించి తగ్గింపు తీసుకున్నట్టు. రేపు ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడినప్పుడు క్లెయిమ్ దగ్గర తగువు పెట్టుకునే పరిస్థితి తెచ్చుకోకండి. కస్టమర్ కేర్‌కి రాసి ఆ రోజులు తీయించండి.

ఈ తగ్గింపులో నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. రోజంతా కూర్చునే ఉద్యోగం కాబట్టి నడక వెతుక్కుంటూ పార్కుకి వెళ్లగలిగిన మనిషికి ప్రీమియం తగ్గుతుంది. రోజంతా మెట్లెక్కే మనిషికి అసలు ఆ పాలసీయే ఉండదు. ఆరోగ్యంగా ఉండటానికి వీలున్నవాళ్లకి ఆరోగ్యం చవకగా దొరుకుతుంది.

ఇక చేయవలసింది. వోచర్ డబ్బు మీవారు తన చేత్తో తిరిగివ్వాలి. మీ చేత పంపితే అక్క పెట్టిన పైసలవుతాయి, వాడు తీసుకోడు. "ఇది నీ కష్టం, నాది కాదు" అని ఒక్క మాటతో ఇవ్వాలి. టిప్పులా ఐదు వందల నోట్లు జేబులో కుక్కడం కాదు, ఎనిమిది వేలూ ఇవ్వాలి. షూస్ కొనేశారుగా అంటారేమో, షూస్ ఆయనవి, డబ్బు వాడిది. ఆఫీసు వాళ్లకి కూడా వాచీ కొన్ని రోజులు నా చేతికి లేదని ఒక మెయిల్ పెడితే మూడో స్థానంలో ఉన్న మనిషికి న్యాయం జరుగుతుంది. ఇది ఆయనకి కష్టమే. చేస్తే మాత్రం మీ తమ్ముడి చెవిన తప్పకుండా పడేలా చూడండి, బావ మీద వాడి కోపం డబ్బు కంటే దానికే ఎక్కువ తగ్గుతుంది.

ఆ పద్దెనిమిది రోజుల నిద్ర, గుండె లెక్కలు మీవారి ఖాతాలో ఉంచకండి. అది ఇంకొకరి శరీరం. అవి తీసేసి, తీసేశానని వాడికి చెప్పాలి.

మీ తమ్ముడికి పనికొచ్చే నాలుగు మాటలు కూడా రాస్తున్నాను, ఇవి మీరు చెప్పొచ్చు. కర్ణాటక 2025లో గిగ్ కార్మికుల (యాప్‌ల ద్వారా పని చేసేవాళ్ల) కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. (ఇలాంటిది ముందుగా తెచ్చింది రాజస్థాన్, 2023లో.) కార్మికుడికి ఇచ్చే ప్రతి చెల్లింపు మీద కంపెనీ 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము కట్టాలి. ఐడీ తీసేయాలంటే రాతలో కారణం చెప్పి 14 రోజుల ముందు నోటీసివ్వాలి. రేటింగ్, ఆర్డర్ల పంపకం లాంటివి యంత్రం ఎలా తేలుస్తోందో అడిగి తెలుసుకునే హక్కూ ఉంది. ఆ చట్టం కింద వచ్చిన సంక్షేమ బోర్డులో తన పేరు నమోదై ఉందో లేదో వాణ్ణి చూసుకోమనండి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేసుకోవాలి. 2025 బడ్జెట్‌లో గిగ్ కార్మికులకి ఈ-శ్రమ్ నమోదు, గుర్తింపు కార్డు, పీఎం జన్ ఆరోగ్య యోజన కింద వైద్యం ప్రకటించారు. ఆ పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు వస్తుంది. వాడి బీపీ గురించి మీవారికి నిజంగా దిగులుంటే ఒక సాయంత్రం కూర్చుని ఈ ఫారాలు నింపి పెట్టమనండి. ఓటీపీలు, ఆధార్ లింకులు సాఫ్ట్‌వేర్ బావకి చిటికెలో పని. ప్రతి వారం సంపాదన, లాగిన్ గంటల స్క్రీన్‌షాట్లు దాచుకోమని కూడా చెప్పండి. రేపు తగువొస్తే కంపెనీ లెక్క ఒక్కటే ఉండకూడదు, వాడి లెక్క కూడా ఉండాలి. వాడికి పనికొచ్చే సెల్ఫ్-ట్రాకింగ్ ఏదైనా ఉందంటే అదే.

మీకు వాచీ కావాలంటే కొనుక్కోండి. మోకాళ్లకి, షుగర్‌కి నడక మంచిదే, లెక్క చూస్తే నడవాలనిపించేవాళ్లూ ఉన్నారు. లెక్క మాత్రం మీ ఫోన్‌లోనే ఉండనివ్వండి. మీ అడుగులు, నిద్ర, నెలసరి తేదీలు కుటుంబ తగ్గింపు పేరుతో ఎక్కడెక్కడికి వెళ్తాయో ఆ అనుమతుల పేజీ చదవకుండా 'ఓకే' నొక్కకండి. రెన్యువల్‌లో మిగిలేది నాలుగైదు వందలైతే ఆ తగ్గింపు వదిలేయమనే నా సలహా.

మీరు ఉత్తరం మధ్యలో మామూలుగా రాసేసిన ఒక వాక్యం ఉంది, రాత్రి వాడి లొకేషన్ చూశాకే పడుకుంటున్నానని. అక్క మనసు, నాకు తెలుసు. కానీ కంపెనీ చూస్తోంది, కస్టమర్ మ్యాప్‌లో చూస్తున్నాడు, బావ వాచీలో చూశాడు, ఇప్పుడు రూముకెళ్లినా అక్క చూస్తోంది. మీరు చూస్తున్నట్టు వాడికి తెలుసా? ఆ షేరింగ్ ఎప్పుడో కొత్తగా వచ్చినప్పుడు పెట్టింది అయ్యుంటుంది, వాడు మరిచిపోయి ఉంటాడు. ఆపేసి, ఆపేశానని చెప్పండి. దానికి బదులు పడుకునే ముందు ఒక మెసేజ్ పెట్టమని అడగండి. పెడితే పెడతాడు, కొన్ని రోజులు పెట్టడు. పెట్టని రాత్రి మీకు టెన్షన్ ఉంటుంది, ఆ టెన్షన్ మీరే పడాలి.

పిలవడం ఎలా అన్నారు. ఆదివారం పిలవకండి, పండక్కి అసలే వద్దు. మనం ఇంట్లో కూర్చుని ఆర్డర్లు పెట్టే రోజులే వాడికి నాలుగు డబ్బులొచ్చే రోజులు. ఇంతకాలం మీరు ఆదివారమే రమ్మని ఉంటారు, వాడు రాలేదని బాధపడి ఉంటారు. మంగళవారమో బుధవారమో, లంచ్ ఆర్డర్లు తగ్గాక మూడున్నరకి రమ్మనండి. మీవారిని ఆ పూట ఇంటి నుంచి పని చేయమనండి, డబ్బు కవరు ఆయన దగ్గరే ఉండాలి. రాగి సంకటి, ఊరి పద్ధతిలో ఊరుబిండి చేయండి. తిన్నాక ఒక గంట పడుకుంటానంటే పడుకోనివ్వండి, ఫ్యాన్ వేసి తలుపు దగ్గరికి వేయండి. ఆరున్నరకల్లా లేపాలి, ఏడింటికి వాడి డిన్నర్ స్లాట్ మొదలవుతుంది.